ఉతికాక ముడతలు పడుతున్న పొందూరు ఖాదీ కుర్తాలకు ఏ దారం వాడాలి?

విశాఖపట్నంలో సొంత డిజైన్లతో కుర్తాలు కుట్టించే నాకు, పొందూరు నుంచి తెప్పించిన 100 కౌంటు (చాలా సన్నని నూలు) ఖాదీతో ఒక చిక్కు వచ్చిపడింది. కుట్టినప్పుడు చదునుగానే ఉన్న పక్క కుట్ల వెంబడి, ముఖ్యంగా చంక దగ్గర ఏటవాలుగా కత్తిరించిన చోట, మొదటి ఉతుకుకే సన్నని ముడతలు వస్తున్నాయి. ఇస్త్రీ చేస్తే పోయినట్టే పోయి, మన సముద్రపు తేమకు సాయంత్రానికల్లా మళ్లీ తేలుతున్నాయి. కింది అంచు మడత మాత్రం బాగానే ఉంటోంది.

కత్తిరించే ముందు బట్టను రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టాను. 14వ నంబరు సూది తీయించి, అంతకంటే సన్నదైన 9వ నంబరు వేయించాను. పై దారం బిగువు తగ్గించి, కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లకు పెంచాను. ఫలితం లేదు. వాలుగ చేప దవడతో ఏకిన దూది నుంచి వచ్చిన బట్టను తప్పుపట్టడానికి మనసొప్పక, ఇప్పుడు నా అనుమానమంతా పాలియెస్టర్ దారం మీదకు మళ్లింది. నూలు దారమైతే చంక దగ్గర తెగుతుందని మా టైలరు గారి అభ్యంతరం.

ఇంత సన్న ఖాదీకి ముడతలు రాకుండా, తెగకుండా నిలిచే దారం ఏ రకం, ఏ నంబరు?