అప్‌డేట్: శుక్లం ఆపరేషన్ తర్వాత వచ్చిన కార్నియా వాపు తగ్గింది

కావలిలో శుక్లం ఆపరేషన్ అయిన మా అమ్మగారికి పది రోజులు దాటినా చూపు మంచు పట్టినట్టే ఉందని, అదీ పొద్దున్నే ఎక్కువై మధ్యాహ్నానికి కొంత తేటపడుతోందని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన వారికి కృతజ్ఞతలు. కార్నియా (కంటి ముందుభాగంలో ఉండే పారదర్శక పొర) మందం కొలిపించమన్న సలహాయే పనికివచ్చింది. నెల్లూరులో చూసిన డాక్టరుగారు, కార్నియా లోపలి పొర కణాలు నీటిని తోడివేయలేక అది ఉబ్బిందని, రాత్రంతా రెప్పలు మూసి ఉండటంతో ఆ నీరు ఆవిరి కాక ఉదయం మసక పెరుగుతుందని వివరించారు. స్టెరాయిడ్ చుక్కలతో పాటు 5 శాతం ఉప్పు చుక్కలు (బాగా మండుతాయి, అమ్మగారు రోజూ గొణిగేవారు) వేయగా ఐదు వారాల్లో వాపు తీసింది. ఆపరేషన్‌లో కంట్లో అమర్చిన లెన్సు పవరు తప్పిందేమోనన్న నా అనుమానం ఉత్తదే. ఆ కణాలు మళ్లీ పుట్టవు కనుక, రెండో కంటికి ఆపరేషన్‌కు ముందే వాటి లెక్క చూపించుకోమన్నారు.