అక్షౌహిణి: ఆ ‘ఔ’ ఎక్కడిది, ఆ 18 ఎక్కడిది?

పిల్లల పత్రికకు ప్రూఫులు దిద్దుతున్నాను. మహాభారతంలో వచ్చే సేనా పరిమాణం పేరును రచయిత ‘అక్షోహిణి’ అని రాశారు. అక్ష + ఊహిని, గుణసంధి కాబట్టి ‘ఓ’ రావడం న్యాయమే అనిపిస్తోంది. నిఘంటువులో మాత్రం ‘ఔ’ ఉంది. ఏది ఉంచాలి? ఇంకోటి. అక్షౌహిణిలో రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాల్బలం ఏ లెక్క తీసుకున్నా అంకెలు కలిపితే 18 వస్తుందట, అది భారతంలోని 18 పర్వాలకు సంకేతమట. ఇది ఉంచనా, కొట్టేయనా?

—

‘ఔ’ ఉంచండి. మామూలు సూత్రం ప్రకారం మీరన్నది నిజమే, నవ + ఊఢ నవోఢ అయినట్టే ఇదీ కావాలి. కానీ అక్ష శబ్దం మీద ఊహిని వస్తే వృద్ధి (‘ఓ’ బదులు ‘ఔ’) రావాలని సంస్కృత వ్యాకర్త కాత్యాయనుడు ప్రత్యేకంగా వార్తికం (పాణిని సూత్రానికి అనుబంధ నియమం) రాశాడు. ప్ర + ఊఢ ‘ప్రౌఢ’ కావడం కూడా ఇలాంటి మినహాయింపే. ప్రోఢ అని ఎవరూ రాయరు కదా! చివర ‘ని’ కాదు, ‘ణి’. ముందున్న ‘క్ష’లోని ‘ష’ ప్రభావం.

—

18 సంగతి నేను చెబుతాను, లెక్కల మాస్టర్ని. ఆదిపర్వంలో సూతుడు చెప్పిన లెక్క ఇది: ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బంట్లు కలిస్తే పత్తి. అక్కడినుంచి సేనాముఖం, గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని వరకు ఏడుసార్లు మూడింతలు. అనీకినిలో రథాలు 2,187. దానికి పదింతలు అక్షౌహిణి: రథాలు 21,870, ఏనుగులు అన్నే, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. అన్నీ కలిపి 2,18,700. (ఇంతమంది ‘సైనికులు’ అని రాస్తుంటారు, అది తప్పు. ఏనుగులూ గుర్రాలూ ఇందులోనే ఉన్నాయి.)

మూడును ఏడుసార్లు గుణించాక 9తో భాగించబడక ఎక్కడికి పోతుంది? అంకెల మొత్తం 9, 18, 27 ఇలా ఏదో ఒకటి కావాల్సిందే. పదితో గుణిస్తే సున్నా చేరుతుందే తప్ప మొత్తం మారదు, అందుకని అనీకినిలోనూ అదే 18. ఇంకా కిందికి, చమువుకి దిగినా 729, 2,187, 3,645, అన్నీ 18లే. పృతనకు వచ్చేసరికి చెదిరిపోతుంది: రథాలు 243, మొత్తం 9. పత్తిలో కాల్బంట్లు ఐదుగురు కాక నలుగురై ఉంటే అక్షౌహిణికి 87,480 మంది, అంకెలు కలిపితే 27.

లెక్క నిజం, సంకేతం ఊహ. ‘సరదాగా కూడి చూడండి’ అని పిల్లలకు వదిలేస్తే నాకు అభ్యంతరం లేదు.

—

ధన్యవాదాలు మాస్టారూ. ‘ఔ’ దిద్దాను, సంకేతం కొట్టేశాను. మరి కౌరవులవి 11, పాండవులవి 7, మొత్తం 18 అక్షౌహిణులు కూడితే?

—

39,36,600. అంకెల మొత్తం 27. నక్షత్రాలు అని మాత్రం అనకండి.