ఇద్దరికి సరిపోయే చిన్న ఈవీ: పక్కపక్కన సీట్లా, ముందూవెనకా సీట్లా?

నల్లకుంట గల్లీ:
అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌ల నల్లకుంట, మా గల్లీ ఎట్లుంటదంటే ఒక ఆటో ఆగితే పక్కనుంచి స్కూటర్ తప్ప ఇంకోటి పోదు. ఇప్పుడు ఇంట్ల ఉన్నది స్కూటర్ ఒక్కటే, పొద్దున మా ఆవిడని తార్నాకల దింపి నేను ఉప్పల్ దిక్కు పోత. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఫిజియోథెరపీకి తీసుకపోవాలంటే ప్రతిసారి ఆటో బుక్ చేసుడే, వానల అయితే అదీ దొరకదు. అందుకే చిన్న ఎలక్ట్రిక్ బండి ఏదన్న తీసుకుందామని చూస్తున్న, ఒక్కసారి ఇద్దరికంటే ఎక్కువ మంది ఎక్కేది లేదు మాకు.

వీడియోలల్ల కొందరు ముందొకరు వెనకొకరు కూర్చునే టాండెమ్ బండే బెస్ట్, సన్నగ ఉంటది, గాలి తక్కువ తగుల్తది, రేంజ్ (ఒక్క చార్జింగ్‌కి పోయే దూరం) ఎక్కువొస్తది అంటున్నరు. ఇంకొందరేమో పక్కపక్కన లేకపోతే అది కారే కాదంటున్నరు. రేంజ్‌ల నిజంగ అంత తేడా వస్తదా, సన్న బండి పల్టీ కొట్టదా, వెనక కూర్చునేటోళ్ళకి ఎట్లుంటది, తెలిసినోళ్ళు చెప్పుర్రి.

మౌలాలి మెకానికల్:
అన్నా, ముందు రేంజ్ సంగతి తేల్చుకుందాం, టాండెమ్‌ని అందరూ పొగిడేది దాని కోసమే కదా. గాలి వెనక్కి నెట్టే బలం స్పీడ్ స్క్వేర్‌తో పెరుగుతుంది, స్పీడ్ రెట్టింపైతే బలం నాలుగింతలు. పక్కపక్కన సీట్ల బండి ముందు భాగం వైశాల్యం 1.9 చదరపు మీటర్లు, టాండెమ్‌ది 1.5 అనుకో, రెండిటి డ్రాగ్ కోఎఫిషియెంట్ (బండి ఆకారానికి గాలి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె) 0.35 అనుకో. 40 స్పీడ్‌లో రెండిటికీ తేడా 10 న్యూటన్లు, అంటే కిలోమీటర్‌కి 3 వాట్ అవర్ల కరెంటు కూడా లేదు. 80లో అయితే 11 దాకా వస్తుంది. ఇప్పుడు మే నెలలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో 20 స్పీడ్‌లో పోతున్నావనుకో, ఏసీ ఒక కిలోవాట్ లాగినా కిలోమీటర్‌కి 50 వాట్ అవర్లు దానికే పోతాయి. నల్లకుంట నుంచి ఉప్పల్ దాకా సిగ్నళ్ళలో ఆగుతూ పోయే బండికి వెడల్పు వల్ల వచ్చే నష్టం ఏసీ ముందు లెక్కలోకే రాదు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించుకున్నా కొంత మిగులుతుంది.

మైలేజ్ కోసం ప్రాణం పెట్టిన కంపెనీ ఏం చేసిందో కూడా చూడు. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు 100 కిలోమీటర్లకి 1 లీటర్ అని పట్టుబట్టి 2002లో చేసిన ప్రోటోటైప్ టాండెమే, 2009లో చూపించిన ఎల్1 కూడా టాండెమే. తీరా 2013లో జనానికి అమ్మిన ఎక్స్‌ఎల్1కి వచ్చేసరికి సీట్లు పక్కపక్కన పెట్టారు, పక్క సీటుని కొంచెం వెనక్కి జరిపి. ముందు వైశాల్యం సుమారు 1 చదరపు మీటర్ నుంచి 1.5కి పెరిగింది, అయినా ఒప్పుకున్నారు. వాళ్ళు చేసింది 250 బండ్లే, అయినా అంత గాలి లెక్కలు వేసినవాళ్ళే సీటు విషయంలో తగ్గారంటే కొనేవాడికి పక్క మనిషి ఎంత ముఖ్యమో అర్థం చేసుకోవచ్చు.

రేంజ్ కోసం మాత్రం టాండెమ్ కొనకు. రోజూ హైవే మీద 80-90లో పోయేవాడైతే వేరే మాట.

రామంతాపూర్ అక్క:
రేంజ్ లెక్కలు బాగానే ఉన్నాయి గానీ వెనక కూర్చునే మనిషి గురించి ఒక్కళ్ళూ మాట్లాడట్లేదు, ఆ వీడియోలు చేసేవాళ్ళు కూడా డ్రైవర్ సీట్లోంచి దిగట్లేదు. రెనో ట్విజీ అని యూరప్‌లో 2012లో వచ్చింది చూడండి, అందులో వెనక మనిషి ముందు సీటుకి అటో కాలు ఇటో కాలు పెట్టుకుని కూర్చోవాలి. చీర కట్టుకున్న పెద్దావిడ అలా ఎలా కూర్చుంటారు చెప్పండి. మోకాలు వంగని మనిషికి కావాల్సింది ఏంటంటే మొదట సీటు మీద పక్కకి తిరిగి కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవడం. దానికి తలుపు పెద్దగా తెరుచుకోవాలి, సీటు మోకాలి ఎత్తుకి కొంచెం పైనే ఉండాలి, పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి. టాండెమ్‌లో వెనక సీటు పక్కనున్న సందులోంచి ఒక కాలు ముందు పెట్టి ఒళ్ళు మెలితిప్పి దూరాలి, మా అత్తగారైతే ఒక్కసారి చూసి ఆటోనే పిలవమంటారు.

ఇంకోటి, హాస్పిటల్‌కి తీసుకెళ్ళే మనిషి మనకి కనపడాలి. కళ్ళు తిరుగుతున్నాయా, చెమట పడుతోందా, నీళ్ళు కావాలా, పక్కన ఉంటే ఒక్క చూపులో తెలుస్తుంది. వెనక ఉంటే అద్దంలో వెతకాలి, ఆ టైంలో ముందు బస్సు బ్రేక్ వేస్తే ఏంటి పరిస్థితి. చిన్నపిల్లల తల్లులకీ ఇదే బాధ. నా మటుకు నాకు ఇది మైలేజ్ కంటే పెద్ద విషయం, మీ ఆవిడని కూడా ఒక మాట అడగండి, రోజూ ఎక్కేది ఆవిడ కదా.

అంబర్‌పేట్ సవారీ:
అక్క చెప్పింది కరెక్టే గని టాండెమ్‌ని మొత్తం తీసి పారేయకుర్రి. రోడ్డు మీద చూడుర్రి, కార్లల్ల ఎక్కువ శాతం ఒక్కడే ఉంటడు. ఒక్కడే నడిపేటప్పుడు టాండెమ్‌ల మనిషి నడుమ కూర్చుంటడు, రెండు దిక్కులా ఎంత జాగ ఉన్నదో సమానంగ తెలుస్తది, గల్లీల అది చానా పనికొస్తది. బరువు కూడా నడుమనే పడ్తది. 450-500 కిలోల బండిల 70 కిలోల మనిషి ఒక పక్కకే కూర్చుంటే స్ప్రింగులకి తెలుస్తది మరి. పక్కనుంచి గుద్దినా ఒంటికి తలుపుకి మధ్యన కొంచెం జాగ మిగుల్తది.

పల్టీ గురించి అడిగినవ్ కద. చక్రాల మధ్య వెడల్పుల సగం తీసుకో, దాన్ని బరువు కేంద్రం ఎత్తుతోని భాగించు. వచ్చే అంకె ఎంత పెద్దగుంటే బండి పల్టీ కొట్టుడు అంత కష్టం. వెడల్పు 1 మీటర్, ఎత్తు అర మీటర్ అయితే 1 వస్తది. మామూలు కార్లకి 1.3 నుంచి 1.5 దాక ఉంటది. అంటే సన్న బండి కింద బ్యాటరీ పరిచి బరువు కిందికి దించకపోతే ఫ్లైఓవర్ మలుపుల మీద చూసుకోవాలె. మూడు చక్రాలదైతే ఇంకా జాగ్రత్త. ఇంకో ముచ్చట, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికి టూవీలర్లని ఆటోలని రానియ్యరు, నువ్వు కొనే చిన్న బండి ఏ క్లాసుల రిజిస్టర్ అయితదో ముందే అడిగి పెట్టుకో.

జామ్‌ల సందుల దూరిపోవచ్చు అనుకునేటోళ్ళకి ఒక మాట, ట్విజీ వెడల్పు 1.24 మీటర్లు, మన ఆటో 1.3 దగ్గర ఉంటది. బైక్ దూరే సందుల ఇది దూరదు.

నల్లకుంట గల్లీ:
అందరికీ థ్యాంక్స్, అక్కా మీరు చెప్పింది మా ఆవిడకి చదివి వినిపించిన, ఆమె మాట కూడ అదే. మా కష్టమేందంటే గేటు, ఐదడుగుల మీద ఒక అంగుళం కూడ లేదు. ఎంజీ కామెట్ అనే చిన్న ఎలక్ట్రిక్ కారు చూసిన, దాని వెడల్పు 1.5 మీటర్లు, అద్దాలు మడిచినా గేటుకి రాసుకునేటట్టున్నది. పక్కపక్కన ఉండాలె, సన్నగ ఉండాలె, అట్ల ఉంటదా?

మౌలాలి మెకానికల్:
ఉంటుంది. సిట్రోయెన్ ఆమీ అనే బుల్లి ఎలక్ట్రిక్ బండి కొలతలు చూడు, 2020లో యూరప్‌లో వచ్చింది, ఇద్దరూ పక్కపక్కనే, వెడల్పు 1.39 మీటర్లు. టాండెమ్ ట్విజీకీ దీనికీ తేడా 15 సెంటీమీటర్లే. అలా ఎలా కుదిరిందంటే పక్క సీటుని వెనక్కి జరిపారు, భుజాలు ఒకదానికొకటి తగలవు, స్మార్ట్ ఫోర్‌టూ అనే పాత రెండు సీట్ల కారులో కూడా ఇదే పద్ధతి. టాండెమ్ వాళ్ళు మనకి చెప్పని సంగతి ఇదే, భుజాలు తప్పించడానికి మనిషిని పూర్తిగా వెనక్కి పంపక్కర్లేదు, ఒక జానెడు జరిపితే చాలు. కానీ ఆ బండి 45 స్పీడ్ దాటదు, ఏసీ లేదు, మన ఎండకి పనికిరాదు. డిజైన్ అర్థం కావడానికే చెప్తున్నా.

మన దగ్గర ఈ సైజులో చూపించినవి ఎక్కువ టాండెమ్ వైపే ఉన్నాయి. ముంబై పీఎంవీ వాళ్ళ ఈజ్-ఈ 2022లో చూపించారు, ముందొకరు వెనకొకరు. పుణె వేవే వాళ్ళ ఎవా 2025 జనవరిలో ఢిల్లీ ఎక్స్‌పోలో పెట్టారు, డ్రైవర్ ఒక్కడే ముందు, వెనక ఒక పెద్ద మనిషీ ఒక పిల్లా. డెలివరీ తీసుకున్నవాళ్ళ బండి కళ్ళతో చూడకుండా దేనికీ అడ్వాన్స్ కట్టకు.

గేటు సంగతి ఇంకోటి ఆలోచించు. 1.52 మీటర్ల గేటు లోపల 1.2 మీటర్ల టాండెమ్ పెట్టినా, ఒక పక్క గోడకి ఆనించినా మిగిలేది 30 సెంటీమీటర్లే, తలుపు తెరిచి మనిషి దిగడానికి అది చాలదు. అంటే ఏ బండి కొన్నా అమ్మ ఎక్కేది దిగేది గేటు బయటే. అప్పుడు బండి రాత్రి ఎక్కడ ఉంటుందన్నదే మిగిలిన ప్రశ్న, చార్జింగ్ వైర్ అక్కడి దాకా వస్తుందా చూసుకో.

రామంతాపూర్ అక్క:
గేటు బయట ఎక్కించడమే అయితే ఇంకా మంచిది, గల్లీలో ఆటోలు లేని టైం చూసుకోవచ్చు. ఏ షోరూంకి వెళ్ళినా అమ్మగారిని వెంట తీసుకెళ్ళండి, మామూలుగా కట్టుకునే చీరతోనే. ఎక్కించి ఒక పది నిమిషాలు కూర్చోబెట్టి దింపి చూడండి. ఎక్కేటప్పుడు ఎవరైనా ఎలాగోలా ఎక్కేస్తారు, మోకాళ్ళ సంగతి దిగేటప్పుడే తెలుస్తుంది.