దండగా గుచ్చితే ‘గో’దురా, ‘బో’దురా?

కావలి నుంచి:
మా పెరట్లో కలువలు పెంచే రాతితొట్టిలో ఈ నవంబరు వానలకు నల్లటి తోకకప్పలు వందల సంఖ్యలో కనిపించాయి. వాటిని చూసినప్పటి నుంచి మా అమ్మమ్మ అనే మాట ఒకటి సగమే గుర్తుకు వచ్చి నన్ను వేధిస్తున్నది. “ముద్దగా పెడితే కప్పది, దండగా గుచ్చితే –దురుది” అని ఆమె గుడ్లను గురించి చెప్పేది. ఆ మొదటి అక్షరం ‘గో’ అయి ఉండాలా, ‘బో’ అయి ఉండాలా? ఆ లెక్కన మా తొట్టిలోనివి దేని పిల్లలు?

ఒంగోలు నుంచి:
అది నిస్సందేహంగా ‘బోదురు’. బోదకాలు అనే మాటలోని ‘బోద’కు వాపు అనే అర్థం ఉన్నది కనుక, ఒళ్లు ఉబ్బించుకునే జీవికి ఆ పేరు వచ్చిందని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను.

ఉదయగిరి నుంచి:
అయ్యా, మా మెట్ట ప్రాంతంలో ‘గోదురు’ తప్ప మరొక మాట వినలేదు. ఒళ్లంతా పొక్కులతో, ఎండిన నేల మీద చిన్న చిన్న గెంతులు వేస్తూ, రాత్రి దీపం కింద పురుగుల కోసం కాచుకుని కూర్చునేది గోదురు. నీళ్లలో ఉండి, పట్టుకోబోతే జారిపోయేది కప్ప. ‘గొడ్డూ గోదా’ అనే జంటపదంలోని ‘గోద’యే దీనికి మూలమని నా అభిప్రాయం.

ఒంగోలు నుంచి:
‘గోద’ అంటే ఎద్దు అయినప్పుడు, గోదురు అనే పేరు ఎద్దులా రంకె వేసే పెద్ద కప్పకు చెందాలి గాని, మీరు వర్ణించిన పొక్కుల జీవికి చెందదు. మీ వ్యుత్పత్తి మీ అర్థాన్నే కాదంటున్నది.

పొదిలి నుంచి:
ఇద్దరూ దేశ్యపదాలలోనే వెదుకుతున్నారు. “భేకే మండూకవర్షాభూశాలూరప్లవదర్దురాః” అని అమరం చదివినవారికి ‘దర్దుర’ శబ్దంలోని చివరి ‘దుర’ వినిపించడం లేదా? అయితే ‘దర్’ అనేది ‘గో’గానో ‘బో’గానో ఎలా మారిందో నేను ఇంకా సమాధానపరచుకోలేదు.

నెల్లూరు నుంచి:
అమరం చెప్పిన ఆ పేర్లన్నీ ఒక్క జీవికే పర్యాయాలు, కనుక అక్కడ మనకు కావలసిన భేదం దొరకదు. సుమతి పద్యంలోనూ “సర్పంబు పడగ నీడను గప్ప వసించిన విధంబు” అనే ఉన్నది. ఆ కందంలో ‘ఎప్పుడు’, ‘నప్పురుషుని’, ‘గప్ప’ అన్నవి ద్విత్వ పకారంతో ప్రాసకు కుదురుతుండగా ‘సర్పంబు’ ఒక్కటే రేఫతో నిలుస్తున్నది. అక్కడ ‘సప్పంబు’ అనే తద్భవరూపాన్ని చదివితేనే ప్రాస నిలుస్తుందని నా పట్టుదల. ప్రాస కోసం పామునే మార్చుకోవలసిన చోట కవి గోదురును తెచ్చే అవకాశం ఎక్కడిది? ఎంత చిన్న మాటలతో ఎంత భయం చూపాడో, ఆ పడగ నీడ తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కందుకూరు నుంచి:
ప్రాసను పక్కన పెట్టి ఒక సాక్ష్యం చెబుతాను. కప్పకాళ్ల ఎగుమతిని 1987లో నిషేధించేదాకా మా పొలాలలో రాత్రిపూట పెట్రోమాక్సు లైట్లతో వచ్చి పట్టుకుపోయినది పెద్ద పచ్చకప్పను. వానలు పడగానే ఆ మగకప్పలు పసుపు రంగుకు తిరిగి, దవడల కింద నీలి సంచులు ఉబ్బించి అరుస్తాయి. దానినే మావాళ్లు బోదురు అనేవారు. పొక్కులదానిని ఎవరూ ముట్టుకునేవారు కారు. కనుక దండగా గుచ్చేది బోదురు కానేరదు.

ఉదయగిరి నుంచి:
అంటే ఆ అక్షరం ‘గో’ అనే కదా!

కందుకూరు నుంచి:
మా ఊరిలో ‘గో’ అనే రూపమే లేదు. అంతవరకే నేను చెప్పగలను.

ఆత్మకూరు నుంచి:
కావలి వారు పిల్లల సంగతి కూడా అడిగారు. ఆ మాట గుడ్ల విషయంలో చాలావరకు నిజం. పొక్కుల జీవి గుడ్లు జిగురు దారంలో నల్లపూసలు గుచ్చినట్లు జంట పేటలుగా నీటి మొక్కలకు చుట్టుకుని ఉంటాయి. పిల్లలు పొట్టతో సహా నల్లగా, చిన్నవిగా ఉండి ఒక మేఘంలా గుంపుగా కదులుతాయి. పచ్చకప్ప పిల్లలు వాటికన్నా పెద్దవి, లేత రంగువి, తోటి తోకకప్పలనే పట్టి తింటాయి. అయితే అమ్మమ్మగారి మాటలో చెట్టుకప్పకు చోటు లేదు. అది నీటి పైన ఆకులకో తొట్టి అంచుకో తెల్లటి నురగ గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. దాని పిల్లకు మూతి కొసన తెల్లని చుక్క ఉంటుంది. మీ తొట్టిలో ఒక్కసారి ఆ చుక్క కోసం చూడండి.

కావలి నుంచి:
చూశాను. చుక్క లేదు, పొట్ట కూడా నల్లగానే ఉన్నది, గుంపు విడిచి ఒక్కటీ దూరంగా పోవడం లేదు. కొన్నింటికి వెనక కాళ్లు మొలిచాయి, ముందు కాళ్లు ఇంకా రాలేదు. పిల్లల సంగతి నాకు తేలింది. అక్షరం కోసం మా పిన్నికి ఫోను చేయగా, అమ్మమ్మ అన్నది ‘గోదురు’ కాదు, ‘బోదురు’ కాదు, ‘గోండ్రు’ అని ఆమె గట్టిగా చెబుతున్నది.

ఒంగోలు నుంచి:
గోండ్రుకప్ప అంటే మళ్లీ ఆ పెద్దదే గదండీ.

ఉదయగిరి నుంచి:
మా వైపు కాదు.