తేనీరులో తేనె ఉందా? లిస్బన్‌లో టీ తాగుతుంటే వచ్చిన అనుమానం

లిస్బన్ నుంచి (మొదటి పోస్టు):

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం నాలుగున్నరకు మా పాపను తీసుకుని ఇంటి దగ్గరి పష్టెలారియాకు వెళ్ళాను. కేకులు, పేస్ట్రీలు, కాఫీ, టీ అమ్మే కొట్టును ఇక్కడ అలా అంటారు. తొందరలో ఉన్నవాళ్ళు కౌంటరు దగ్గరే నిలబడి తాగేసి వెళ్తారు, మిగతావాళ్ళు చిన్న బల్లల దగ్గర కూర్చుంటారు. ఆ వేళప్పుడు తినేదానికి పేరు 'లాంష్'. ఇంగ్లీషు లంచ్ నుంచి వచ్చిన మాటే కానీ, ఇక్కడ దాని అర్థం మధ్యాహ్న భోజనం కాదు, సాయంత్రం చిరుతిండి. మన టిఫిన్ కూడా ఇలా వేళ మార్చుకున్నదే. ఒకప్పుడు మన దేశంలోని ఇంగ్లీషువాళ్ళు మధ్యాహ్నం తేలిగ్గా తినేదాన్ని టిఫిన్ అనేవాళ్ళు. మనం దాన్ని పొద్దున ఇడ్లీకి పెట్టుకున్నాం.

నాకు టీ, పాపకు పాలు, ఇద్దరికీ చెరొక పష్టెల్ ద నాత చెప్పాను. పొరలు పొరలుగా కరకరలాడే చిన్న గిన్నెలాంటి పేస్ట్రీ అది. లోపల గుడ్డు పచ్చసొన, పాలు, పంచదారతో చేసిన మెత్తటి కస్టర్డ్, పైన అక్కడక్కడా మాడిన నల్లటి మచ్చలు. మాడితేనే రుచి. పైన చల్లుకోవడానికి బల్ల మీద దాల్చినచెక్క పొడి పెడతారు.

పాప అడిగింది: "టీని తెలుగులో ఏమంటారమ్మా?" తేనీరు అన్నాను. "అందులో తేనె వేస్తారా?" అంది. "తేనెలాంటి నీరు అని అర్థం" అనేశాను. మా నాన్న నాకు చెప్పింది అదే.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. మేం టీ గురించి మాట్లాడుకుంటున్నామని తెలిసి ఆయన ఇంకో కథ చెప్పారు. 'టీ' అనే ఇంగ్లీషు మాట పోర్చుగల్ నుంచే వెళ్ళిందట. ఇక్కడి రాకుమారి కాథరిన్ ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌ను పెళ్ళాడి వెళ్ళినప్పుడు ఆమె సామాను పెట్టెల మీద 'ట్రాన్స్‌పోర్త్ ద ఎర్వష్ అరోమాతికష్', అంటే సుగంధ మూలికల రవాణా, అని రాసి ఉందట. మధ్యలోని 'ద' వదిలేసి మిగతా మూడు మాటల మొదటి అక్షరాలు టి, ఇ, ఎ కలిపి ఇంగ్లీషువాళ్ళు చదువుకున్నారట.

వినగానే ఇది కుదరదే అనిపించింది. ఇంటికొచ్చాక మరి నేను చెప్పిన తేనె సంగతి ఏమిటని బెంగ పట్టుకుంది. తేనీరు తేనె + నీరేనా? పాపకు తప్పు చెప్పానా?

విజయనగరం మాస్టారు:

అమ్మా, మంచి ప్రశ్న. వ్యాకరణం వైపు నుంచి చూస్తే తేనె + నీరు అసాధ్యమేమీ కాదు. కన్ను + నీరు కన్నీరు అయింది కదా. ముందు మాట చివరి భాగం రాలిపోయి రెండో మాటతో అతుక్కోవడం తెలుగులో ఉన్నదే. కాకపోతే కన్నీరులో నకారానికి ఒత్తు మిగిలింది, తేనీరులో లేదు. తేలో ఉన్న దీర్ఘం వల్ల ఒత్తు పోయిందని ఎవరైనా వాదిస్తే కాదనలేను. కాబట్టి సంధి ఒక్కదానితోనే ఇది తేలదు. ఇంకో సాక్ష్యం కావాలి.

చిత్తూరు సభ్యుడు:

మాస్టారూ, ఆ సాక్ష్యం మా పొరుగున ఉంది. నేను తమిళ మీడియంలో చదువుకున్నాను. తమిళంలోనూ టీని తేనీర్ అంటారు. వాళ్ళకు 'న' అక్షరాలు రెండు. ఒకటి మాట మొదట్లో వచ్చేది, నీర్‌లో రాసేది. ఇంకోటి మాట చివర వచ్చేది, తేన్‌లో, అంటే తేనెలో, రాసేది. టీ అనే అర్థంలో రాసేటప్పుడు మొదటి 'న' రాయాలి, ఎందుకంటే అది తే + నీర్. రెండో 'న' రాస్తే తేన్ + నీర్, అంటే తేనె కలిపిన నీళ్ళు అవుతుంది. చాలా హోటళ్ళ బోర్డుల మీద ఈ తప్పు కనిపిస్తుంది, మా తమిళ అయ్యవారు చూపించి మరీ దిద్దేవారు. పలికితే రెండూ దాదాపు ఒకటే, రాతలోనే తేడా తెలుస్తుంది.

మన తెలుగులో 'న' ఒక్కటే. అందుకే మనకు ఆ తేడా కనబడకుండా పోయింది.

విజయనగరం మాస్టారు:

నాయనా, గొప్ప మాట చెప్పావు. అది చదివాక నాకు మన తేయాకు గుర్తొచ్చింది. తే + ఆకు. రెండు అచ్చుల మధ్య యకారం వచ్చి తేయాకు అయింది, మా + అమ్మ మాయమ్మ అయినట్టు. ఇందులో తేనెకు చోటే లేదు. తేనె + ఆకు అయితే తేనెయాకు, లేదా తేనాకు కావాలి. తమిళంలో తేయిలై అన్నా అంతే, ఇలై అంటే ఆకు. మలయాళంలో తేయిల. ఈ మూడింటిలోనూ 'తే' ఒక్కటే మొక్క పేరు. తేయాకు వేసి కాచిన నీరు తేనీరు.

చాలా ఏళ్ళు నేనూ తరగతిలో తేనె అనే చెప్పాను. ఈ రోజు దిద్దుకుంటున్నాను.

లండన్ సభ్యుడు:

ఆ 'తే' ఎక్కడిదంటే చైనాలోని ఫూజియన్ తీరానిది. అక్కడి హొక్కియన్ వాళ్ళు టీని 'తే' అంటారు. డచ్చి వర్తకులు వాళ్ళ దగ్గర సరుకు కొన్నారు, పేరు కూడా తెచ్చుకున్నారు. ఫ్రెంచి తే, జర్మన్ టే, స్పానిష్ తే అన్నీ ఆ కుటుంబమే. ఇంగ్లీషులో కూడా 17, 18 శతాబ్దాల్లో చాలామంది 'టే' అనే పలికేవారు. అంటే మన తేయాకు వాళ్ళ ఇప్పటి టీ కన్నా అసలుకు దగ్గరగా ఉంది!

అక్కా, మీ పెద్దాయన కథకు తేదీలే అడ్డం. కాథరిన్ పెళ్ళి 1662లో జరిగింది. ఆ కాలపు లండన్‌వాసి శామ్యూల్ పీప్స్ తన డైరీలో 1660 సెప్టెంబర్ 25న 'చైనా పానీయం' అంటూ టీ తెప్పించుకున్నానని రాసుకున్నాడు. రాకుమారి పెట్టెలు రావడానికి రెండేళ్ళ ముందే మాట అక్కడ ఉంది. పైగా, పెట్టెల మీది అక్షరాల నుంచి పుట్టి ఉంటే ఫ్రాన్స్‌కూ హాలండ్‌కూ అదే మాట ఎలా వెళ్ళింది? అయితే ఆ కథలో నిజం కూడా ఉంది. ఇంగ్లండ్ రాజాస్థానంలో టీ తాగడాన్ని ఫ్యాషన్ చేసింది ఆమే. బొంబాయి ఇంగ్లీషువాళ్ళకు వెళ్ళింది కూడా ఆమె కట్నంలోనే.

హైదరాబాద్ సభ్యురాలు:

మరి మా చాయ్ సంగతి? అల్మారా, మేస్త్రి, అనాస లాంటివి పోర్చుగీసు మాటలే కదా. లిస్బన్‌లో టీని ఏమంటారక్కా? మా చాయ్ కూడా వాళ్ళ ఓడలో వచ్చిందేమోనని నా అనుమానం.

లిస్బన్ నుంచి:

ఇక్కడ 'షా' అంటారమ్మా. రాసేటప్పుడు ఇంగ్లీషులో 'చ' ధ్వనికి రాసే అక్షరాలే రాస్తారు. పశ్చిమ యూరప్‌లో చుట్టూ అందరూ తే, టీ అంటుంటే పోర్చుగీసువాళ్ళు మాత్రం షా దగ్గర ఉన్నారు. పెద్దాయన కథ నాకు నచ్చకపోవడానికి అసలు కారణం ఇదే. తమ భాషలో షా అనేవాళ్ళు పెట్టె మీద ఇంకేదో ఎందుకు రాస్తారు?

లండన్ సభ్యుడు:

పోర్చుగీసువాళ్ళు 1557 నుంచి చైనా దక్షిణ తీరంలోని మకావ్‌లో స్థిరపడ్డారు. అక్కడి కాంటనీస్ భాషలో టీ పేరు 'చా'. అది ఓడలో లిస్బన్ చేరింది. చైనా లిపిలో 'తే'కూ 'చా'కూ గుర్తు ఒకటే, పలికే ప్రాంతాన్ని బట్టి పేరు మారింది. హైదరాబాద్ చాయ్ మాత్రం ఓడలో రాలేదు చెల్లీ. అది నేల మీద నడిచి పారసీకంలోకి వచ్చి, అక్కడ చివర 'య్' తగిలించుకుని, ఉర్దూ మీదుగా మీ దాకా వచ్చింది. లిస్బన్ షా, మీ చాయ్ దాయాదులు. ఒకే ఇంటి నుంచి వేరు వేరు దారుల్లో బయల్దేరారు.

హైదరాబాద్ సభ్యురాలు:

ఇంత బాగా ఎవరూ చెప్పలేదన్నా. మా అత్తగారిది గుంటూరు, ఆమె టీ అంటారు, నేను చాయ్ అంటాను. ఇంట్లో రోజూ దీని మీద ఒక మాట నడుస్తుంది. ఇవాళ ఇది చదివి వినిపిస్తాను.

లిస్బన్ నుంచి:

అందరికీ చాలా థాంక్స్. ఇంకో మాట ఇక్కడే చెబుతాను, భాష ఇష్టమైనవాళ్ళకు నచ్చుతుంది. ఎవరైనా మర్యాద లేకుండా ప్రవర్తిస్తే పోర్చుగీసువాళ్ళు "పాపం, చిన్నప్పుడు టీ తాగలేదు" అంటారు. మనం పెంపకం సరిగా లేదు అంటాం చూడండి, అదే. టీ తాగడమంటే కూర్చోవడం, ఎదుటివాళ్ళకు ముందు పోయడం, నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకోవడమని వాళ్ళ లెక్క. నాకు ఈ మాట చాలా ఇష్టం.

ఈ రోజు పాపను లిస్బన్‌లోనే ఉన్న బెలేం అనే పేటకు తీసుకెళ్ళాను. అక్కడ జెరోనిముష్ మఠం పక్కన 1837 నుంచి నడుస్తున్న కొట్టు ఉంది. 1834లో దేశంలో మఠాలు మూసేశాక, అక్కడి సన్యాసుల వంటకం ఆ కొట్టుకు చేరింది. ఊరంతా చేసేది పష్టెల్ ద నాత, ఆ కొట్టులోది మాత్రమే పష్టెల్ ద బెలేం. మఠాల్లో బట్టలకు గంజి పెట్టడానికి తెల్లసొన వాడేవారనీ, మిగిలిన పచ్చసొనతో ఇన్ని రకాల మిఠాయిలు పుట్టాయనీ ఇక్కడ చెబుతారు. నాత అంటే మీగడ. పేరులో మీగడ, తినేటప్పుడు నాలుకకు తెలిసేది పచ్చసొన. తేనీరులో లేని తేనె గురించి వెతుకుతున్నాం కదా, అందుకే ఇది కూడా మనసులో పడింది.

విజయనగరం మాస్టారు:

పాపకు మరి ఏమని చెప్పావమ్మా?

లిస్బన్ నుంచి:

నిన్న చెప్పింది తప్పన్నాను మాస్టారూ. తే అనేది చైనా నుంచి వచ్చిన ఆకు పేరు, ఆ ఆకు వేసిన నీరు తేనీరు అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే పన్నీరులో 'పన్' అంటే ఏమిటి?" అంది. కూరలో వేసే పనీరు, పెళ్ళిలో చల్లే పన్నీరు ఒకటేనా అని కూడా అడుగుతోంది. మీరే చెప్పాలి.

విజయనగరం మాస్టారు:

ఒకటి కాదని చెప్పు. పనీరు పారసీకం మాట, మన నీరుతో దానికి సంబంధం లేదు. పన్నీరు గురించి రేపు వేరే పోస్టు పెడతాను, చిత్తూరు తమ్ముణ్ణి కూడా రమ్మను. తమిళం మళ్ళీ కావాల్సి వచ్చేలా ఉంది.