సెవెన్ కిట్ కారు డిక్కీ కవర్: టిచ్ బటన్లు ముందు రేకుకా, ముందు గుడ్డకా?

సర్రే_సెవెన్:
కారు కాటర్‌హామ్ సెవెన్ (టాపు లేని, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు), ఎస్3 అనే మామూలు వెడల్పు ఛాసిస్, విడిభాగాల కిట్ తెచ్చి ఇంట్లో కట్టింది. డిక్కీ కవర్ విడిగా కుట్టించాను. నల్ల రెక్సిన్, అంచు చుట్టూ రెండు పొరల మడత. రోల్ బార్ (కారు బోల్తాపడితే తలని కాపాడేందుకు సీట్ల వెనక ఉండే గొట్టాల చట్రం) వెనక కాళ్ల కోసం రెండు చీలికలు, వాటికి వెల్క్రో ఉన్నాయి. బటన్లు మాత్రం వెయ్యలేదు. 14 జతలు విడిగా ఇచ్చారు, ఒక్కో జతలో కారు రేకుకి బిగించే బొడిపె, గుడ్డకి కొట్టే టోపీ, గిన్నె. బొడిపెలు కొన్నిటికి కిందే స్క్రూ ఉంది, మిగతావి రివెట్ కొట్టుకునే రకం.

కవర్ పరిచి చూస్తే వెనక అంచు దగ్గర 15 మి.మీ. దాకా తక్కువొస్తోంది. గరాజ్‌లో 7 డిగ్రీలు ఉంది. తిప్పి పంపాలా? పంపక్కర్లేదంటే బెజ్జాలు ముందు ఎక్కడ వెయ్యాలి, రేకుకా గుడ్డకా? స్క్రూ మంచిదా, రివెట్టా? రేకు మీద ఒక్కసారి బెజ్జం పడితే మళ్లీ వెనక్కి తీసుకోలేం కాబట్టి ముందే అడుగుతున్నాను.

గోదారి_గేర్‌బాక్స్:
తిప్పి పంపకండి, ఇంకా ఏ బెజ్జమూ వెయ్యకండి. 7 డిగ్రీల్లో రెక్సిన్ బిర్రబిగుసుకుపోతుంది. పార్సిల్‌లో పడిన మడతల్లోనే 10, 15 మి.మీ. దాక్కుంటాయి. కవర్‌ని ఇంట్లోకి తెచ్చి రాత్రంతా నేల మీద చాపలా పరిచి ఉంచండి. బిగించే రోజు గరాజ్‌ని హీటర్‌తో 20 డిగ్రీల దగ్గరికి తెచ్చి, మడతలున్న చోట హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచెయ్యండి. హీట్ గన్ వద్దు, పైపూత మెరుపెక్కి పాడవుతుంది. ఆ తర్వాత కూడా చాలకపోతే కొలత సరిచూసుకోండి. ఎస్‌వి అనే పెద్ద ఛాసిస్ ఎస్3 కన్నా 110 మి.మీ. వెడల్పు, ఒకదాని కవర్ ఇంకోదానికి రాదు. రోల్ బార్ రకం మారితే కాళ్లు దిగే చోటు కూడా మారుతుంది, చీలికలు ఏ బార్‌కి కుట్టారో అడగండి.

ఇక అసలు ప్రశ్న. గుడ్డకి బటన్లు లేవు కాబట్టి ముందు రేకు, తర్వాత గుడ్డ. అలాగని 14 బొడిపెలూ ఒకేసారి కొట్టేయకూడదు, ఒక్కో జతా పూర్తిచేస్తూ పోవాలి. కవర్ పరిచి, ముందు రోల్ బార్ కాళ్లని చీలికల్లో కూర్చోబెట్టండి. గుడ్డ ఎక్కడుండాలో నిర్ణయించేది ఆ కాళ్లే. రేకు మీద మాస్కింగ్ టేప్ అతికించి దాని మీద నడిమి గీత గీయండి. కవర్‌ని సగానికి మడిచి దాని నడుముని కూడా సుద్దతో గుర్తుపెట్టండి. మొదటి బొడిపె వెనక అంచు నడిమధ్య. దాన్ని బిగించాక గుడ్డని దాని మీదికి లాగి బొటనవేలితో గట్టిగా నొక్కితే అడుగున గుండ్రటి అచ్చు పడుతుంది. ఆ అచ్చు నడిమి చుక్కే పంచ్ కొట్టే చోటు. కొలత టేపుతో కొలిచి వేసిన గుర్తు కన్నా ఈ అచ్చు నమ్మకం, ఎందుకంటే గుడ్డ ఎంత సాగిందో కూడా అందులోనే వచ్చేస్తుంది.

తర్వాత ముందు అంచు నడుమ, సీట్ల వెనక. ఆ తర్వాత కుడి మూల, ఎడమ మూల. అక్కణ్నుంచి ఒకటి కుడి, ఒకటి ఎడమ చొప్పున పూరించండి. ఒక పక్క నుంచి మొదలుపెట్టి వరసగా పోతే గుడ్డంతా ఆ పక్కకే జరిగి చివరి మూలలో ముడత తేలుతుంది. తిన్నని అంచు మీద 150 నుంచి 180 మి.మీ. ఎడం, మూల వంపుల్లో 100. గుడ్డ అంచు నుంచి బటన్ నడుముకి 15 మి.మీ. ఉండాలి, అంతకన్నా దగ్గరైతే మడత కుట్టు మీద పడుతుంది. బిగువు ఎంతంటే, వెచ్చగా ఉన్నప్పుడు చివరి బటన్ బొటనవేళ్లతో పెట్టగలగాలి. మోకాలు ఆనించి లాగాల్సొస్తే చలికాలంలో ఆ కవర్ పెట్టలేరు.

స్క్రూ బొడిపెలు రేకుకి వాడకండి. 8 నంబర్ సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూకి అంగుళానికి 18 మరలు, అంటే మరకి మరకి మధ్య 1.4 మి.మీ. సెవెన్ రేకు మందం సుమారు 1.2. ఒక్క మర చుట్టు కూడా పూర్తిగా పట్టదన్నమాట. నెల రోజులు బాగానే ఉంటుంది, తర్వాత బటన్ లాగిన ప్రతిసారీ కొద్దికొద్దిగా అరిగి ఓ రోజు ఊడి చేతికొస్తుంది. రివెట్ కొట్టండి, 3.2 మి.మీ. అల్యూమినియం. రేకు ఒక్కటే అయితే 6 మి.మీ. పొడవు, రేకు వెనక ఛాసిస్ ట్యూబ్ గోడ కూడా ఉంటే 8. 4 మి.మీ. రివెట్ గట్టిదే కానీ దాని తల సుమారు 8 మి.మీ. వెడల్పు, చాలా బొడిపెల గుంటలోకి దిగదు. తల పైకి నిలిస్తే గిన్నె పూర్తిగా కూర్చోదు, టిక్కుమనదు. 3.2 తల 6.5 మాత్రమే. కొనేముందు ఒక బొడిపెలో పెట్టి చూడండి.

బెజ్జం 3.3 బిట్‌తో. సెవెన్‌లో పెట్రోల్ ట్యాంకు వెనకే ఉంటుంది, వైర్లు కూడా ఆ చుట్టుపక్కలే పోతాయి. లోపల చెయ్యి పెట్టి తడిమి చూశాకే డ్రిల్ పట్టండి. బిట్‌కి ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడిగి కొస 5 మి.మీ. మాత్రమే బయట ఉంచండి. రేకు దాటగానే డ్రిల్ ముందుకు దూకుతుంది, ఆ గొట్టమే ఆపుతుంది. రజను మొత్తం ఊడ్చెయ్యండి, డిక్కీలో మిగిలితే కార్పెట్ కింద చేరి రంగు గీరుతుంది. బొడిపె కింద డ్యూరలాక్ (రెండు లోహాల మధ్య తుప్పు రాకుండా పూసే పేస్టు) కొంచెం రాయండి. ఇత్తడికీ అల్యూమినియానికీ మధ్య ఉప్పునీరు చేరితే రంగు కింద తెల్లటి పొడి పొంగుతుంది, ఇంగ్లండ్ చలికాలం రోడ్ల మీద ఉప్పుకేం కొదవ లేదు.

రేకు_రంపం:
పై జవాబుతో ఏకీభవిస్తాను, ఒక్క చోట తప్ప. స్క్రూ బొడిపె అసలే పనికిరాదని కాదు. సెవెన్ తరహాలోనే ఉండే వెస్ట్‌ఫీల్డ్ కారు లాంటి ఫైబర్‌గ్లాస్ బాడీకి మందం ఎక్కువ కాబట్టి మర పడుతుంది. అయితే అక్కడ వేరే జాగ్రత్త ఉంది. పైపూత గాజులా పెళుసు. బెజ్జం మీద టేపు వేసి, మొదట డ్రిల్‌ని వెనక్కి తిప్పుతూ పూత దాటించి, తర్వాత మామూలుగా తిప్పాలి. బెజ్జం అంచుని పెద్ద బిట్‌తో చేత్తోనే కొద్దిగా చెక్కాలి. అలా చెక్కకపోతే స్క్రూ బిగించేటప్పుడు మర పూతని పైకి ఎత్తి, సాలెగూడులా పగుళ్లు లేస్తాయి.

బటన్ కొట్టడం గురించి రెండు మాటలు. ఇవి 24 లైన్ (బటన్ల సైజు కొలత) సైజువి అయ్యుంటాయి, టోపీ సుమారు 15 మి.మీ. టోపీ కాడ గుడ్డలోంచి దిగి, గిన్నెలోంచి పైకొచ్చి, బటన్ కొట్టే పనిముట్టు దెబ్బకి పువ్వులా విచ్చుకుని పట్టుకుంటుంది. గుడ్డ బెజ్జం కాడకి బిగువుగా, తోస్తేనే దిగేలా ఉండాలి. మీ అంచు రెండు పొరలు కాబట్టి కాడ గిన్నె మీద ఎంత నిలిచిందో చూడండి. 2 మి.మీ. చాలు. ఎక్కువైతే పక్కకి వాలి నలుగుతుంది, తక్కువైతే సరిగ్గా విచ్చుకోక టోపీ ఊడుతుంది. కొట్టేటప్పుడు టోపీ కింద ఉంచే అడుగు దిమ్మని సిమెంట్ నేల మీద పెట్టండి. చెక్కబల్ల మీదయితే సుత్తి దెబ్బ సగం బల్లే తాగేస్తుంది. మూడు నాలుగు మధ్యరకం దెబ్బలు. టోపీని వేళ్లతో పట్టి తిప్పితే తిరగకూడదు. తిరిగితే ఇంకో దెబ్బ. కాడ ఒక పక్కకి చీలి వాలిందంటే దాన్ని తీసేసి కొత్తది వెయ్యాల్సిందే, కాబట్టి పాత రెక్సిన్ ముక్కని రెండు పొరలుగా మడిచి ముందు దాని మీద నాలుగైదు కొట్టి చెయ్యి కుదుర్చుకోండి. మరో అరడజను జతలు కొని ఉంచుకోండి.

బొడిపెకి అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే లోపల ఇనుము, తుప్పుపడుతుంది. ఇత్తడి మీద నికెల్ పూత ఉన్నవి తెచ్చుకోండి.

రోల్ బార్ పక్కనున్న రెండు ముందు మూలలకి మాత్రం టిచ్ బటన్ కాకుండా తిప్పుడు బటన్ వెయ్యమంటాను, జీపు టాపులకు వేసే లాంటిది. వేగంలో గాలి కవర్‌ని బుడగలా ఉబ్బిస్తుంది. టిచ్ బటన్ పక్కకి లాగితే ఆగుతుంది గానీ నిలువుగా పైకి లేపితే ఊడుతుంది. ఒక మూల లేచిందంటే మిగతావి వరసగా విడిపోతాయి.

సర్రే_సెవెన్:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఇంట్లో ఒక రాత్రి పరిస్తే 15 మి.మీ. కాస్తా 4కి వచ్చింది, వెచ్చచేసి లాగితే అదీ సరిపోయింది. ఇంకొక్కటి. గుడ్డ మీద బెజ్జం తప్పుపడితే ఏం చెయ్యాలి? పెట్టిన బటన్ తీసేటప్పుడు గుడ్డ చిరగకుండా ఎలా?

గోదారి_గేర్‌బాక్స్:
5 మి.మీ. లోపు తప్పయితే అక్కడే కొత్త బెజ్జం కొట్టకండి, రెండూ కలిసి చీలిక అవుతుంది. అడుగున రూపాయి బిళ్లంత రెక్సిన్ ముక్క వినైల్ జిగురుతో అతికించి, ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడు సరైన చోట కొట్టండి. పాత బెజ్జం 15 మి.మీ. టోపీ కిందికే వచ్చి కనపడదు. రేకు మీద తప్పు బెజ్జమైతే అదే సైజు అల్యూమినియం రివెట్‌తో మూసేసి రంగు వెయ్యండి.

తీసేటప్పుడు గుడ్డ కొస పట్టి గుంజొద్దు. వేలిగోరు టోపీ పక్కనే, గుడ్డ కిందికి పోనిచ్చి అక్కడికక్కడే ఎత్తాలి. బటన్లు కొత్తలో బిగువుగా ఉంటాయి, బొడిపెల మీద కొవ్వొత్తి ఒకసారి రుద్దండి. గ్రీజు, వాజలీన్ వద్దు, దుమ్ము పట్టి గిన్నె లోపలి స్ప్రింగు అరుగుతుంది.

రేకు_రంపం:
బిగించాక మొదటి వారం కవర్‌ని కారు మీదే ఉంచండి, తీసి మడవొద్దు. గుడ్డ ఆ ఆకారానికి అలవాటుపడుతుంది. తర్వాత తీసినా మడత కాదు, చాపలా చుట్టి పెట్టండి, చలిలో మరీ ముఖ్యం. మడిచిన గీత మీదే రెక్సిన్ ముందు పగులుతుంది.