ప్రభుత్వ ఐటీఐ యాజమాన్య కమిటీలో సభ్యుడికి నిజంగా ఏ అధికారం ఉంటుంది?

ప్రశ్న: ఫ్యాబ్రికేషన్ షెడ్డు యజమాని

నేను పారిశ్రామికవాడలో పద్దెనిమిది మంది పనివాళ్లతో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాను. దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐ యాజమాన్య కమిటీలో స్థానిక పరిశ్రమల తరఫున సభ్యుడిగా చేరమని నన్ను అడిగారు. ఒప్పుకునే ముందు అక్కడి వెల్డింగ్ షాపు చూసివచ్చాను. పూటకు ఒక్కో విద్యార్థికి ఒకటే పది గేజి రాడ్డు ఇస్తున్నారు. అది నిమిషం, నిమిషన్నరలో కాలిపోతుంది. ఆ తరువాత వాళ్లు మిగిలిన ముక్కను హోల్డరులో బిగించుకుని, కరెంటు లేకుండానే చేతి కదలిక సాధన చేస్తున్నారు. అక్కడ ఏడాది చదివి వచ్చిన అబ్బాయికి నా షెడ్డులో మళ్లీ మొదటి నుంచి నేర్పవలసి వస్తోంది. సభ్యుడిగా చేరితే నేను దీన్ని మార్చగలనా? ఐటీఐల ఆధునికీకరణకు కేంద్రం తెచ్చిన పీఎం సేతు పథకం వస్తున్న ఈ సమయంలో ఇలాంటి కమిటీలకు ఇంకా విలువ ఉంటుందా?

జవాబు: విశ్రాంత ప్రిన్సిపాల్

అయ్యా, తప్పక చేరండి, కానీ కమిటీ చేతిలో ఉన్నదేమిటో, లేనిదేమిటో తెలుసుకుని చేరండి. 2007-08లో కేంద్రం మొదలుపెట్టిన ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య పథకం కింద దేశంలో 1,396 ప్రభుత్వ ఐటీఐలను తీసుకుని, ఒక్కొక్క కమిటీని సొసైటీగా రిజిస్టరు చేయించి, దానికి నేరుగా రూ.2.5 కోట్ల వడ్డీలేని రుణం ఇచ్చారు. అందులో చైర్మన్ పరిశ్రమ భాగస్వామి. ఆయన సూచించిన స్థానిక పరిశ్రమల వారు నలుగురు, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన వారు ఐదుగురు, మెంబర్ సెక్రటరీగా ప్రిన్సిపాల్ ఉంటారు. ఆ ఐదుగురిలో ఒక సీనియర్ అధ్యాపకుడూ, ఒక విద్యార్థి ప్రతినిధీ ఉండాలన్నది చాలామందికి తెలియదు.

సిబ్బంది నియామకాలూ బదిలీలూ రాష్ట్ర ప్రభుత్వానివి. ట్రేడు గుర్తింపు, జాతీయ ధ్రువపత్రం ఢిల్లీలోని శిక్షణ డైరెక్టరేట్ జనరల్ పరిధిలోనివి. కమిటీకి మిగిలేది ఆ నిధి ఖర్చు, 20 శాతం వరకు సీట్ల భర్తీ, స్థానిక పరిశ్రమలతో సంబంధాలు. రుణానికి పదేళ్ల విరామం తరువాత ఇరవై సమాన వార్షిక వాయిదాలు, అంటే ఏటా రూ.12.5 లక్షలు కట్టవలసి ఉంటుంది. ఆ భయంతోనే నేను చూసిన కమిటీ డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో దాచిపెట్టి, వడ్డీ లెక్కలు చూసుకుంటూ కాలం గడిపింది.

ఒక విషయం ఒప్పుకుంటాను. మెంబర్ సెక్రటరీగా అజెండా రాసింది నేనే. భవన మరమ్మతులు, యంత్రాల కొనుగోలు పైన రాసి, ముడిసరుకును చివరి అంశంగా పెట్టేవాడిని. అక్కడికి వచ్చేసరికి చైర్మన్ గారికి వేళయ్యేది. పిల్లలకు రాడ్లు అందకపోవడానికి నిధుల కొరత ఎంత కారణమో, అజెండాలో ఆ వరుస కూడా అంతే కారణం.

జవాబు: వెల్డర్ ట్రేడు ఏటీవో (సహాయ శిక్షణ అధికారి), తెలంగాణ

ప్రిన్సిపాల్ గారితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ఇండెంట్ (ఏ సరుకు ఎంత కావాలో తెలిపే పత్రం) పెట్టేది మేము, కొటేషన్లు పిలిచేది ఆఫీసు, సంతకం పెట్టేది పైవారు. రాడ్లు వచ్చేసరికి సెషన్ సగం గడిచిపోతుంది, వచ్చిన పెట్టెలు వానాకాలంలో చెమ్మగిల్లి పనికిరాకుండా పోతాయి. కాబట్టి డబ్బు అడగడం కన్నా ముందు, నిర్ణీత పరిమితి వరకు ముడిసరుకును షాపు స్థాయిలోనే కొనుక్కునే తీర్మానం చేయించండి.

మా రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనికి 2024 జూన్‌లో హైదరాబాదు మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. కొత్త యంత్రాలు రావలసిందే, నేను మనసారా స్వాగతిస్తాను. అయితే ఏ యంత్రం వచ్చినా, దాని మరమ్మతు ఎవరి బాధ్యత, ఎన్నాళ్లు అన్నది ఒప్పందం కాగితంలో ఉందో లేదో అడిగే మనిషి స్థానిక కమిటీలో ఉండాలి. పీఎం సేతులో 200 హబ్ (ప్రధాన) ఐటీఐలు, వాటికి అనుబంధంగా 800 స్పోక్ ఐటీఐలు, వాటిని నడపడానికి పరిశ్రమ ఆధ్వర్యంలో ప్రత్యేక సంస్థలు ఉంటాయి. మొత్తం అంచనా రూ.60,000 కోట్లు. నిర్ణయం హబ్ స్థాయికి వెళ్లేకొద్దీ, స్పోక్‌లోని వెల్డింగ్ షాపు గోడు వినిపించే స్థానిక కమిటీ అవసరం పెరుగుతుందే కాని తగ్గదు.

జవాబు: పూర్వ విద్యార్థి, ఫిట్టర్ ట్రేడు

నేను చదివే రోజుల్లో విద్యార్థి ప్రతినిధిగా నా పేరు రాశారు. రెండేళ్లలో ఒక్క సమావేశానికీ పిలవలేదు. అటెండర్ తీర్మానాల పుస్తకం పట్టుకుని షాపులోకి వచ్చేవాడు. నేను నూనె చేతులు తుడుచుకుని, చూపించిన చోట సంతకం పెట్టేవాడిని. ఆ పేజీలో ఏముందో చదవనివ్వలేదు. తరువాత తెలిసిందేమంటే, ముడిసరుకు సరిపోతోందని విద్యార్థుల తరఫున నేను ఒప్పుకున్నట్లు అందులో రాసి ఉంది. మీరు సభ్యులైతే, దయచేసి ఆ కుర్రవాడిని మీ పక్కన కూర్చోబెట్టుకోండి. సమావేశం మినిట్స్ అక్కడే చదివి వినిపించమని పట్టుబట్టండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. చేరుతున్నానని ఈ రోజే లేఖ ఇచ్చాను. ముడిసరుకును అజెండాలో మొదటి అంశంగా పెట్టాలని, విద్యార్థి ప్రతినిధికి సమావేశం నోటీసు విడిగా పంపాలని అందులోనే రాశాను. నెలకు ఎన్ని కిలోల రాడ్లు, ఎంత ప్లేటు కావాలో లెక్క వేసి ఇమ్మని అక్కడి వెల్డింగ్ ఏటీవో గారిని అడిగాను. ఇన్నేళ్లలో తనను ఆ లెక్క అడిగిన సభ్యుడు ఎవరూ లేరని ఆయన అన్నారు. శనివారం ఇస్తామన్నారు.